నెల పడిందా... నిండిందా?

ఆసుపత్రి ఒక మాట చెబుతుంది. కడుపుతో ఉన్న మనిషికి ఇంకో మాట వినిపిస్తుంది. ఆమె ఒకటి చెబుతుంది, డాక్టరు మరొకటి రాసుకుంటారు. ఇద్దరూ మాట్లాడేది తెలుగే! అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో తల్లీబిడ్డల క్షేమం ఒక్కోసారి ఈ రెండు తెలుగుల మధ్యనే ఇరుక్కుంటోంది.

ఒక్క శుభవార్తకు ఎన్ని మాటలో! నెల తప్పింది, నీళ్లోసుకుంది, కడుపుతో ఉంది, ఒట్టిమనిషి కాదు, చూలాలు, గర్భిణి... ఈమధ్య అయితే 'కన్ఫర్మ్ అయింది'. నెలలు గడిచాక పురుడొచ్చింది, కాన్పయింది, నీళ్లాడింది, డెలివరీ అయింది. ప్రభుత్వ నివేదికల్లో మాత్రం అది 'సంస్థాగత ప్రసవం'.

నీళ్లోసుకోవడం మొదలు, నీళ్లాడటం ముగింపు. మధ్యలో తొమ్మిది నెలలు. పట్నంలో చదువుకుని కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టరు ఈ రెండింటినీ కలగలిపేస్తే వార్డంతా ఒకసారి నవ్వుకుంటుంది. అంతటితో సరి. కానీ అన్ని మాటలూ నవ్వుతో పోవు.

'ఎన్నో నెలమ్మా?'

'ఎనిమిదో నెలండి.'

ఏ ఆరోగ్య కేంద్రంలో కూర్చున్నా వినిపించే ప్రశ్నా జవాబే. ఇందులో అర్థం కానిదేముంది? ఉంది! ఎనిమిదో నెల 'పడిందా', ఎనిమిది నెలలు 'నిండాయా'? పడిందంటే ఏడు నెలలు పూర్తయి ఎనిమిదిలో అడుగుపెట్టిందని. డాక్టర్ల లెక్కలో 30 వారాలు దాటాయంతే. నిండాయంటే 35వ వారం నడుస్తున్నట్టు. నెలలు నిండకుండానే నొప్పులు మొదలైతే, కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. వాటిని మామూలుగా 24 నుంచి 34 వారాల మధ్య ఇస్తారు. అంటే, 'పడింది' అయితే సూది ఇవ్వాలి, పసికందును చూసుకునే ప్రత్యేక వార్డు ఉన్నచోటికి తల్లిని కాన్పుకు ముందే పంపాలి. 'నిండింది' అయితే లెక్క మారిపోతుంది. రెంటికీ జవాబు ఒక్కటే... 'ఎనిమిదో నెలండి'.

మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగు కాగితం ఉంటే ఈ గొడవ లేదు. రోజుల తేడాతో చెప్పేస్తుంది. చిక్కంతా ఆ కాగితం లేనప్పుడే. కార్డు ఇంట్లో మరిచిపోయి, అర్ధరాత్రి ఆటోలో, నొప్పులతో వచ్చినప్పుడు డాక్టరు చేతిలో ఉండేది ఆమె చెప్పిన మాటే.

ఆఖరి నెలసరి తేదీ అడగొచ్చుగా అంటారా? అడుగుతారు. 'ఎల్‌ఎంపీ ఎప్పుడు?' అని అడిగితే ఎదుటి మనిషి బిక్కముఖం వేస్తుంది. 'చివరి బహిష్టు తేదీ?' అంటే పక్కనున్న మామగారి వైపు చూసి తల దించుకుంటుంది. చేయి తిరిగిన నర్సమ్మ అలా అడగదు. పక్కకు పిలిచి, 'ఆఖరుగా తలకు పోసుకున్నది ఎప్పుడమ్మా? కొత్తమావాస్యకి ముందా, తర్వాతా?' అంటుంది. అనకాపల్లిలో ఉగాదికి ముందురోజు వచ్చే కొత్త అమావాస్యకు గవరపాలెం నూకాంబిక జాతర. ఆ రోజు ఎవరింట్లో ఏం జరిగిందో ఈ ప్రాంతపు ఆడవాళ్లు మరిచిపోరు. సంక్రాంతి, శివరాత్రి, ఊరి తీర్థం, నాగుల చవితి... ఒక్కో పండగా క్యాలెండరులో ఒక్కో మేకు. దానికి తగిలించి అడిగితే తేదీ దానంతటదే బయటికొస్తుంది. నోములకూ పూజలకూ రోజులు లెక్కపెట్టుకునే ఇళ్లలో ఆ లెక్క తప్పడం కూడా అరుదు.

మరో తమాషా. తొమ్మిది నెలలు అని అందరూ అంటారుగానీ, ఆఖరి నెలసరి మొదటిరోజు నుంచి కాన్పు దాకా డాక్టర్లు లెక్కేసేది 280 రోజులు. అమావాస్య నుంచి అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఆ లెక్కన 280 రోజులంటే సరిగ్గా తొమ్మిదిన్నర నెలలు. 'పదో నెల పడ్డాక పురుడొస్తుంది' అనే నాయనమ్మ మాట, ఇంగ్లిష్ క్యాలెండరు పట్టుకున్న మనవరాలికి తప్పులా కనిపిస్తుంది. తప్పేం కాదు. ఆవిడ చంద్రుణ్ని లెక్కపెడుతోంది.

అదే నాయనమ్మ 'ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ దక్కడు' అంటే మాత్రం వినకూడదు. ప్రాచీన గ్రీకు వైద్యుల నాటి నుంచీ ఎన్నో దేశాల్లో ఉన్న నమ్మకమిది. నిజం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కడుపులో గడిచే ప్రతి అదనపు వారమూ బిడ్డకు ఆయువే. ఎనిమిదో నెలలో పుట్టినవాడికి ఏడో నెలవాడికంటే ఎక్కువ ఆశ ఉంటుంది. 'ఎలాగూ దక్కడులే' అని ఇంటిల్లిపాదీ ముందే చేతులెత్తేస్తే ఆ ఆశను మాటే మింగేస్తుంది.

'నాకు బీపీ ఏటండీ?'

తెలుగునాట 'బీపీ' అంటే రక్తపోటు ఒక్కటే కాదు. కోపం కూడా. 'నాకు బీపీ తెప్పించకు' అని ఇంట్లో రోజూ అనుకునే మాటే. లేదంటే యాభై దాటిన పెద్దాయన జేబులో మాత్రల చీటీ. అలాంటప్పుడు ఇరవై ఏళ్ల పిల్లకు 'నీకు బీపీ ఉంది, జాగ్రత్త' అంటే ఏమవుతుంది? 'నాకు బీపీ ఏటండీ, నాకు కోపమే రాదు' అని నవ్వేస్తుంది. అత్తగారు 'మా కోడలు నెమ్మదస్తురాలు' అని వంత పాడుతుంది. మాత్రలు అటకెక్కుతాయి.

బీపీ ఎక్కువై, తలనొప్పి మొదలై, చూపు మసకబారి, చివరికి ఫిట్స్ వస్తే దానికి పాత తెలుగు పేరొకటుంది. గుర్రపువాతం. డాక్టర్లు కూడా పత్రికల్లో ఆరోగ్య వ్యాసాలు రాసేటప్పుడు ఈ మాట వాడుతుంటారు. మంచిదే, జనం మాట కదా అనిపిస్తుంది. కానీ అందులో ఒక ముల్లుంది. పేరులోనే 'వాతం' ఉంది. వాతమంటే ఇంటి వైద్యం, పసరు, పత్యం అని పెద్దల లెక్క. కొట్టుకుంటున్న మనిషిని చూసి 'గాలి సోకింది' అన్నారంటే తాయెత్తు దాకా వెళుతుంది. ఆసుపత్రిలో దానికి ఉన్న మందు మెగ్నీషియం సల్ఫేట్. ఖరీదైనది కాదు, కొత్తదీ కాదు. 2002లో వెలువడిన 'మాగ్పై' అనే పెద్ద అంతర్జాతీయ పరిశోధన, బీపీ పెరిగిన గర్భిణులకు ఈ మందు ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. మందు ఉంది. మనిషి దాని దగ్గరికి సమయానికి రావాలి.

ఏ మాట చెబితే వస్తుంది? బీపీ అంటే రాదు, వాతమంటే వేరేచోటికి పోతుంది. ఇలా చెబితే వస్తుంది: 'కాళ్లకు కాస్త నీరు పడితే భయం లేదమ్మా. ముఖం ఉబ్బినా, చేతి గాజులు బిగుసుకున్నా, తలనొప్పి మాత్రకు తగ్గకపోయినా, కళ్లు మసకలు కమ్మినా, పొట్ట పైభాగాన నొప్పి వచ్చినా... తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే బయల్దేరు.' రోగం పేరు ఇందులో ఎక్కడా లేదు. గాజులున్నాయి, కళ్లున్నాయి, రాత్రి ఉంది. ఇంట్లో ఎవరైనా చూసి చెప్పగలిగినవే అన్నీ.

రక్తం... మంచిది, చెడ్డది, తక్కువది!

కాన్పయ్యాక రక్తం పోవడం మామూలే. ఎంత పోతే మామూలు? కరపత్రంలో 'అధిక రక్తస్రావం జరిగినచో వెంటనే వైద్యుని సంప్రదించవలెను' అని ఉంటుంది. అధికమంటే ఎంతో ఆ కాగితానికి తెలుసేమో, చదివేవాళ్లకు తెలియదు. డాక్టర్లు 500 మిల్లీలీటర్లు అంటారు. ఆ గందరగోళంలో ఎవరు కొలుస్తారు! పైగా, తొమ్మిది నెలలు లోపల నిలిచిపోయిన 'చెడు రక్తం' పోతేనే బాలింతకు మంచిదని పెద్దవాళ్ల నమ్మకం. మంచం పక్కన కూర్చున్న తల్లి, 'పోనీలే, చెడ్డదంతా పోతోంది' అని తృప్తిపడుతుంది. పోతున్నది కూతురి ప్రాణం కావచ్చు. కాన్పులో తల్లుల మరణాలకు ప్రపంచమంతటా ముందువరసలో ఉన్న కారణం ఇదే.

కాబట్టి ఇక్కడా కొలత ఇంట్లోంచే రావాలి. 'గంట తిరక్కుండా గుడ్డ పూర్తిగా తడిసి రెండోది మార్చాల్సి వస్తే, గడ్డలు గడ్డలుగా పడితే, మనిషి ఒళ్లు చల్లబడితే, లేచి కూర్చోబోతే కళ్లు తిరిగితే...' అంటే అర్థం కాని అమ్మమ్మ ఉండదు. గంట, గుడ్డ అనే రెండు మాటలు మిల్లీలీటర్లన్నింటికంటే బాగా పనిచేస్తాయి.

ఇక రక్తం తక్కువ. 'రక్తహీనత' అనేది పుస్తకం మాట. ఊళ్లో 'రక్తం తొమ్మిది పాయింట్లే ఉందట' అంటారు. హిమోగ్లోబిన్ గ్రాములు ఎప్పుడు 'పాయింట్లు' అయ్యాయో, ఎవరు చేశారోగానీ ఎంత చక్కటి మాట! క్రికెట్ స్కోరులా అందరికీ గుర్తుంటుంది. గర్భిణికి 11 పాయింట్లు ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూసినప్పుడు ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో నూటికి 53 మందికి పైగా ఆ గీతకు దిగువనే ఉన్నారు.

మాత్రలు ఉచితంగానే ఇస్తున్నారు. రోజుకొకటి, కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. ఎందుకు మింగరు? నోరు వికారం, మలబద్ధకం, మలం నల్లగా రావడం... ఇవి కొంత. మిగతాది మాటల సంగతే. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే, 'బిడ్డ కూడా నల్లగా పుడతాడేమో' అన్న పుకారుకు అదే రుజువైపోతుంది. 'మాత్రలు వేసుకుంటే బిడ్డ బరువు పెరుగుతాడు' అని ఉత్సాహంగా చెప్పారనుకోండి, వినేవాళ్లకు ఇంకో భయం. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, పెద్దాపరేషన్ తప్పదు! రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లేనని అదే సర్వే చెప్పింది కాబట్టి ఆ భయం గాల్లోంచి వచ్చిందీ కాదు. 'బిడ్డ పెరుగుతాడు' బదులు 'కాన్పులో రక్తం పోయినా నువ్వు తట్టుకుంటావు' అంటే అదే మాత్ర లోపలికి వెళుతుంది. మాత్ర మారలేదు, మాట మారింది.

మరి బెల్లం? దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లిలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. బెల్లం తింటే రక్తం పడుతుందని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. బెల్లంలో ఇనుము ఉన్న మాట నిజం. అయితే వంద గ్రాములు తిన్నా దక్కేది కొద్ది మిల్లీగ్రాములే. ఒక్క ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములు! ఈ మాటకు అనకాపల్లి వాళ్లకు కోపం రావచ్చు. వేరుశనగ ఉండ తినండి, మాత్ర కూడా వేసుకోండి అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. 'బెల్లం వద్దు, మాత్రే ముద్దు' అంటే మాత్రం ఊరు ఊరంతా బెల్లం వైపే నిలబడుతుంది.

'నెగెటివ్' అన్న మాటా ఇలాంటిదే. రక్తం గ్రూపు నెగెటివ్ అని తేలిన కోడలిలో ఏదో లోపం ఉందనుకునే ఇళ్లున్నాయి. అది రోగం కాదు, గ్రూపు పేరంతే. బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోగా తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి, తర్వాతి కాన్పుకు అదే రక్ష. ఈ ఒక్క ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు.

కంగారు పడొద్దు, కంగారూ కేర్!

పసిగుడ్డు విషయానికొస్తే మాటల చిక్కు మరీ ఎక్కువ. ఆ పసివాడు తన బాధ తాను చెప్పలేడు కదా.

ముర్రుపాలనే తీసుకుందాం. తల్లికి మొదట వచ్చే చిక్కటి, పసుపు పచ్చటి పాలు. పాడి ఉన్న ఇంట్లో ఆవు ఈనితే ఆ పాలతో జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచుతారు. జున్ను తింటే బరువు, త్వరగా అరగదు. ఆ అనుభవాన్ని మనిషి పాలకూ అంటగట్టి 'పసిగుంటకి అరగవు' అని పిండి పారబోసేవాళ్లు నిన్నమొన్నటి దాకా ఉన్నారు, ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకునే పిల్లలు నూటికి 42 మంది కూడా లేరని 2019-21 సర్వే లెక్క. ముర్రుపాలను కరపత్రాలు 'తొలి టీకా' అంటాయి. బాగుంది. రైతు ఇళ్లలో దానికంటే గట్టిగా తగిలే మాట ఇంకోటి ఉంది. 'దూడకు ముర్రుపాలు తాగించకుండా ఎవరైనా కట్టేస్తారా?' కట్టెయ్యరు. దూడ నిలవదని తెలుసు.

నెలలు నిండక, బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుని పైన బట్ట చుట్టే పద్ధతి ఒకటుంది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. కంగారూ జంతువు సంచిలో పిల్లను మోసినట్టు ఉంటుందని 'కంగారూ మదర్ కేర్' అన్నారు. మన దేశంతో సహా అయిదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధన ప్రకారం, పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే బాగా బరువు తక్కువ పిల్లల్లో మరణాలు నాలుగోవంతు తగ్గాయి. ఇంత గొప్ప పద్ధతి తెలుగులోకి వచ్చేసరికి ఏమైంది? 'మీ బిడ్డకు కంగారు కేర్ ఇవ్వాలి' అని వార్డులో చెబితే, అసలే బెదిరిపోయి ఉన్న తల్లికి వినిపించేది మొదటి ముక్కే. కంగారు! ఆస్ట్రేలియా జంతువు ఆమె మనసులో ఎక్కడా ఉండదు. 'బిడ్డను గుండెకు హత్తుకుని ఉండు, నీ వెచ్చదనమే మందు' అంటే పోలా.

అయితే తెలుగు మాటలన్నీ చిక్కులే తెస్తాయనుకోవద్దు. కొన్ని వైద్యపుస్తకాలకంటే సూటిగా ఉంటాయి. పసిబిడ్డకు న్యుమోనియా ముదిరినప్పుడు ఊపిరి తీసే ప్రతిసారీ పక్కటెముకల కింద లోపలికి గుంటపడుతుంది. దాన్ని మన ఆడవాళ్లు ఎప్పుడో కనిపెట్టి పేరు పెట్టేశారు. 'డొక్కలెగరేస్తున్నాడు.' అంతకంటే మంచి అనువాదం ఏ నిపుణుడూ చెయ్యలేడు. ఆశా కార్యకర్త 'డొక్కలెగరేస్తున్నాడా?' అని అడిగితే చాలు, తల్లి చొక్కా ఎత్తి చూస్తుంది.

తల్లి నోటి మాటకు వైద్యంలో ఎంత విలువుందో తేల్చిన చోటు మనకు దూరమేం కాదు. గోదావరికి అవతల, తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి. డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు అక్కడి పల్లెటూరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పసిపిల్లల్ని చూడటానికి పంపారు. బిడ్డకు ఇన్‌ఫెక్షన్ సోకిందని గుర్తుపట్టడానికి వాళ్లు పెట్టుకున్న గుర్తులు ఎలాంటివంటే... ఇదివరకు గట్టిగా ఏడ్చే బిడ్డ ఏడుపు నీరసించడం, బాగా చీకే బిడ్డ చీకడం తగ్గించడం, హుషారుగా ఉన్నవాడు మగతగా పడి ఉండటం. 'ఇదివరకు' ఎలా ఉండేవాడో తెలిసింది ఎవరికి? తల్లికే. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ పల్లెల్లో నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయి. ఇప్పుడు దేశమంతటా ఆశాలు పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతికి అదే పునాది. మూడోరోజు ఆశా వచ్చి 'బిడ్డ బాగున్నాడా?' అంటే 'బాగున్నాడు' అనే జవాబు వస్తుంది. దిష్టి తగులుతుందని ఎవరైనా అలాగే అంటారు. 'నిన్నటి లాగే పాలు తాగుతున్నాడా, తగ్గించాడా?' అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

యోజనలు, అభియాన్‌లు

జననీ సురక్షా యోజన 2005లో వచ్చింది. జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011లో. ప్రతి నెలా 9న గర్భిణులకు డాక్టరు పరీక్షలు చేసే సురక్షిత మాతృత్వ అభియాన్ 2016లో. మాతృ వందన యోజన 2017లో. మంచి పథకాలే. కానీ, ఇవన్నీ కలిపి చెప్పమంటే పథకం లబ్ధిదారులే తడబడతారు. ఏ శిక్షణా లేకుండా జనం నోట నిలిచినవి రెండే. 2005 ఆగస్టు 15న రోడ్డెక్కిన 108, కాన్పయ్యాక ఇంటి దగ్గర దించే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. ఒకటి అంకె, ఇంకోటి ఇంటి మాట. 'ఆశా' కూడా నిలిచింది. అది ఇంగ్లిష్ పొడి అక్షరాల కూర్పే అయినా, తెలుగులో ఆశ అంటే ఆశే కావడం అదృష్టం.

ఈ పుస్తకాల భాష మీద యుద్ధం చేసినవాళ్లు ఇక్కడివాళ్లే కావడం ఇంకో విశేషం. కన్యాశుల్కాన్ని జనం మాట్లాడే తెలుగులో రాసిన గురజాడ అప్పారావు పుట్టింది 1862లో, ఎస్.రాయవరంలో. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనే ఉంది. నూటపాతికేళ్ల కిందటే నాటకం వాడుక భాషలోకి వచ్చేసింది. ఆసుపత్రి గోడ మీద మాత్రం ఇప్పటికీ 'నవజాత శిశువు', 'ప్రసవానంతర సంరక్షణ' వేలాడుతుంటాయి. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన ఆడవాళ్ల ఆరోగ్యం మీద పుస్తకం తెచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు 'సవాలక్ష సందేహాలు'. ఆ పేరు చూస్తేనే చదవబుద్ధవుతుంది.

ఇదంతా ఎందుకంటే, ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మెట్లు ఇప్పటికే ఎక్కేశాం. 2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఆసుపత్రికి రండి అని చెప్పే అవసరం దాదాపు తీరిపోయింది. ఎప్పుడు రావాలో చెప్పడమే మిగిలింది. తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలు ఉంటాయని 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పారు. వెళ్లాలని ఇంట్లో తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రిలో ఆలస్యం. రెండో దానికి 108 ఉంది, మూడో దానికి డాక్టర్లు, మందులు, రక్తనిధులు కావాలి. మొదటిది మాత్రం ఇంట్లో, అత్తగారు, మొగుడు, అమ్మ మాట్లాడుకునే మాటల్లోనే ఉంది. 108కి ఫోన్ చేసినప్పుడు కూడా అంతే. 'ఒంట్లో బాగోలేదండి' అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. ఎన్ని నెలలు నిండాయి, ఎన్నో కాన్పు, నొప్పులు ఎప్పటి నుంచి, ఉమ్మనీరు పోయిందా, రక్తం పోతోందా, ఫిట్స్ వచ్చాయా, ముందు కాన్పు పెద్దాపరేషనా... ఈ ఏడు ముక్కలు గబగబా చెప్పగలిగితే బండి వచ్చేలోపే సగం పని అయినట్టు. 'ముందు ఆపరేషన్ అయింది' అని ఊరుకోవద్దు. కొందరికి అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్, కొందరికి సిజేరియన్. పాత సిజేరియన్ కుట్టు ఉన్న మనిషికి నొప్పులొస్తే డాక్టరు చూసే తీరే వేరు.

కొండ మీద మూడో భాష

అనకాపల్లి అంటే బెల్లం, వరి, జాతీయ రహదారి అనుకుంటాంగానీ, 2022 ఏప్రిల్ 4న జిల్లా అయినప్పుడు పడమటి వైపు కొండవాలు ఊళ్లూ ఇందులోనే ఉండిపోయాయి. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, మాడుగుల మండలాల్లో కొండదొరలు, కోదులు ఉండే గూడేలున్నాయి. కోదుల ఇంటి భాష కువి. తెలుగుకు దూరపు చుట్టమైన ద్రావిడ భాషే అయినా, వింటే తెలుగువాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇంకాస్త పైకి, అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళితే ఆదివాసీ ఒరియా కూడా వినిపిస్తుంది. బడి పిల్లల కోసం ప్రభుత్వం 2004 ప్రాంతంలోనే కువి, ఆదివాసీ ఒరియా, సవర వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు మొదలుపెట్టింది. వాళ్ల అమ్మల కోసం అలాంటి ప్రయత్నం ఆ స్థాయిలో జరగలేదు. సవరల కోసం వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుది కూడా ఉత్తరాంధ్రే.

రోడ్డు లేని గూడెం నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకొస్తున్న ఫొటోలు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. ఆ ఫొటోలో కనిపించని మోత ఇంకోటుంది. కిందికి వచ్చాక ఆమె బాధను ఇంకొకరు మొయ్యాలి. ఆమెకు తెలుగు అంతంతమాత్రం, నర్సుకు కువి రాదు. మధ్యలో మాట మోసేది తెలుగు వచ్చిన మగవాడు. మొగుడో, మరిదో, ఒక్కోసారి బడికెళ్లే కొడుకో. రక్తం ఎంత పోతోంది, ఎక్కడ నొప్పి అని మరిదితో అడిగిస్తే ఆమె ఏం చెబుతుంది? అతను ఏం అడుగుతాడు? సిగ్గు ఇద్దరి నోళ్లూ కట్టేస్తుంది. గూడెం ఆశా వెంట ఉంటే సగం కష్టం తీరినట్టే. ఆమె ఆ భాష పిల్ల, ఆడమనిషి, ఆ ఇంటికి వదినో అక్కో అవుతుంది.

అచ్యుతాపురం, పరవాడ వైపు ఫ్యాక్టరీల చుట్టూ అద్దెగదుల్లో ఉండే ఒడిశా, బిహార్ కుటుంబాలదీ ఇదే అవస్థ. అక్కడ వదినా లేదు, అక్కా లేదు.

ఆశా లేని రోజున, నర్సమ్మ తెలుగులో అడిగిన నాలుగు ప్రశ్నలు మరిది నోట కువిలోకి వెళ్లి తిరిగొచ్చేసరికి ఒక్క మాట మిగులుతుంది. 'బాగానే ఉందట.' చేయి తిరిగిన నర్సమ్మలు అక్కడితో ఆగరు. మరిదిని బయట కూర్చోమంటారు. గుడ్డ తీసి చూస్తారు, కంటి రెప్ప కిందికి లాగి చూస్తారు, బిడ్డను రొమ్ముకు పట్టించి ఎలా చీకుతున్నాడో పక్కనే నిలబడి చూస్తారు.